ఉదయగిరి కొండ మీది లైకెన్, జాతి తేల్చేదెట్టా?

ప్రశ్న: సార్, ఉదయగిరి కొండెక్కితే బండల నిండా బూడిదరంగు లైకెన్లే, అన్నీ ఒకేలా ఉన్నయ్, ఏది ఏ జాతో ఎట్టా చెప్తారు?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు జిల్లా

జవాబు: ఉత్త కంటితో తేల్చొద్దు బాబూ, అక్కడే పొరబడతారు. లైకెన్ అంటే ఫంగసూ ఆల్గే కలిసి బతికేది, జాతి పేరు మాత్రం ఫంగస్‌దే. దాని మీదుండే చిన్న గిన్నెని బ్లేడుతో పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టు, అందులోని ఒక్కో చిన్న సంచికి ఎన్ని స్పోర్లు (ఫంగస్ విత్తనాల్లాంటివి), మామూలుగా 8 ఉంటాయి, స్పోరు లోపల అడ్డగోడలున్నాయా, పొడవెంత, రాసుకో. తర్వాత లైకెన్ లోపలి తెల్లపొర మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక్క చుక్క. ముందు పసుపొచ్చి, చూస్తుండగానే రక్తంలా ఎర్రబడిందనుకో, లైకెన్ తయారుచేసే సాలజినిక్ యాసిడో నార్‌స్టిక్టిక్ యాసిడో ఉండొచ్చు, ఎంత బాగుంటదో ఆ మార్పు! రెండిట్లో ఏదో తెలియాలంటే టీఎల్‌సీ (పల్చటి పూత పలక మీద రసాయనాల్ని విడదీసే పరీక్ష) చేయాల్సిందే. 1866లో లైకెన్ శాస్త్రవేత్త నైలాండర్ మొదలుపెట్టిన ఈ చుక్క పరీక్ష ఇప్పటికీ వాడతాం. చిన్న ముక్కే గీకు, అంత పెరగటానికి దానికి ఏళ్లు పట్టుంటాయి.