ఇండియాకి పంపితే బాబు దారిలో పడతాడా?

"డాలస్ దగ్గర ఉంటాం. మావారు గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తారు. బతుకమ్మకి వెళ్లినప్పుడు మాత్రం బిజినెస్ అనే చెబుతాను. బాబుకి 15 ఏళ్లు. స్కూల్లో తెలుగు పిల్లలంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలే, వాళ్లతో కలవడు. నల్లవాళ్ల పిల్లలతో తిరుగుతాడు. జుట్టు, మాట అన్నీ వాళ్లలాగే. మా వైపు చుట్టాలు రంగు చూసి 'కర్రోడు' అని పిలిస్తే ముందు నవ్వేవాడు, ఇప్పుడు ఫోన్‌కి కూడా రాడు. నాన్న పేరెత్తితే చిరాకు. మా అమ్మ దగ్గర ఉంచి ఇంటర్ చదివిస్తే బాగుపడతాడా?"

వద్దమ్మా, పంపకండి. ఇక్కడి ఇంటర్ హాస్టళ్ల సంగతి మీకు తెలియనిది కాదు, ఆ మాట ఇంతటితో వదిలేద్దాం.

నాకు గుచ్చుకున్నది ఆ 'బిజినెస్' అనే మాట. రాత్రంతా కౌంటర్ దగ్గర నిలబడి, పొద్దున్నే వచ్చి పడుకుని, ఆ డబ్బుతోనే పిల్లాణ్ణి మంచి స్కూలున్న ఏరియాలో ఉంచిన మనిషి గురించి పెళ్లామే నలుగురిలో నిజం చెప్పుకోలేకపోతుంటే పక్కనే నిలబడి విన్న కొడుకు ఏం నేర్చుకుంటాడు? వాడి చిరాకు ఎక్కడ మొదలైందో నాకైతే అర్థమవుతూనే ఉంది. బాబు సంగతి తర్వాత, ముందు మీకూ మీ ఆయనకూ మధ్య ఉన్నది సరిచేసుకోండి.

ఇక రంగు. 1940ల్లో కెన్నెత్, మేమీ క్లార్క్ అనే దంపతులు అమెరికాలో నల్లజాతి చిన్నపిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే చాలామంది తెల్లబొమ్మనే చూపించారు. బడికి వెళ్లని వయసుకే ఆ పిల్లలకి లోకం ఆ పాఠం చెప్పేసింది. మీవాడికి చుట్టాలే చెప్పారు, అదీ ముద్దు పేరు పెట్టి. కర్రోడు అని వీడినే పిలిచి, మళ్లీ నల్లవాళ్లతో తిరగొద్దంటే వీడు ఎటు పోవాలి?

ఆ స్నేహితుల వల్ల ఏం చెడిపోయాడో మీరు ఒక్క ముక్క రాయలేదు, జుట్టు తప్ప. (జుట్టుకి నేను సలహా ఇవ్వను.) ఒకటి మాత్రం తెలుసుకోండి, వాళ్ల పెద్దలు రోడ్డెక్కి కొట్లాడితే 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది, ఆ ఊపులోనే మరుసటి ఏడాది వలస చట్టం మారి మనవాళ్లకి దారి తెరుచుకుంది.

ఈసారి పండక్కి ఆయనకి సెలవు దొరికితే పక్కన నిలబెట్టుకుని ఎక్కడ పనిచేస్తారో మీ నోటితోనే చెప్పండి. చుట్టాలకి ఫోన్ చేసి ఆ పేరు మానేయమనండి, మొహమాటపడకండి. బాబుకి క్లాసు పీకొద్దు. ఆ ఫ్రెండ్స్‌ని ఓ ఆదివారం భోజనానికి పిలవమనండి, మీ ఆయన నిద్ర లేచి ఉండే టైముకి.