పిల్లల లక్ష్యంగా ‘95 మార్కులు’ అని రాయిస్తే సరిపోతుందా?

సరిపోదు, 95 అనేది చివర్లో వచ్చే ఫలితం మాత్రమే. ఆ అంకె చూసి ఈ సాయంత్రం ఏం చదవాలో పిల్లాడికి తెలియదు, మార్కులు తగ్గితే ఎక్కడ తప్పాడో అసలే తెలియదు. బెంగళూరులో కన్నడ నేర్చుకునే మన తెలుగు పిల్లాడినే తీసుకోండి: ‘నెలాఖరుకి బీఎంటీసీ బస్సు బోర్డు ఎవరినీ అడక్కుండా చదవాలి’ అని రాసుకుంటే వారానికోసారి తనే చూసుకోవచ్చు, లిపి చాలావరకు మనదిలాగే ఉంటుంది కాబట్టి సగం అక్షరాలు ఇట్టే పట్టేస్తాడు, తలకట్టు దగ్గరో, మన ‘క’కి పోలికే లేని కన్నడ ‘క’ దగ్గరో ఆగుతున్నానని వాడికే తెలుస్తుంది, ఆ వారం పని అదే. చాలామంది సమీక్ష అంటే తప్పుల చిట్టా రాయించడం అనుకుంటారు (పేరెంట్స్ మీటింగుల అలవాటు లెండి). కాదు. ఏది వచ్చింది, ఏది రాలేదు, వచ్చే వారం ఏం మారుస్తాడు అన్నది వాడే చెప్పాలి, మనం చెప్పి రాయిస్తే అది డిక్టేషన్.