స్నాప్‌షాట్‌ నుంచి టెంప్లేట్‌ చేసేముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ ల్యాబుకు కావలసిన ఉబుంటు 22.04 (లినక్స్‌) వర్చువల్‌ మెషీన్లన్నిటినీ ఒకే స్నాప్‌షాట్‌ నుంచి, అంటే ఒక మెషీన్‌ ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచిపెట్టిన నకలు నుంచి, తీస్తానని ఫోనులో చెప్పావు. మంచి ఆలోచన. అయితే స్నాప్‌షాట్‌ ఆ మెషీన్‌ గుర్తింపునంతా తనలో దాచుకుంటుంది. ఆ గుర్తింపును తుడవకుండా టెంప్లేట్‌ (మిగతా మెషీన్లన్నీ తీసే అచ్చు) చేయకు.

స్నాప్‌షాట్లు ఉన్న మెషీన్‌ను ప్రాక్స్‌మాక్స్‌ (ఈ వర్చువల్‌ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌) టెంప్లేట్‌గా మార్చనివ్వదు. నీ డిస్కులు స్నాప్‌షాట్‌ నుంచి క్లోన్‌ తీయనిచ్చే క్యూకౌ2 ఫైలు రకమే కాబట్టి ముందు ఆ స్నాప్‌షాట్‌ నుంచి ఫుల్‌ క్లోన్‌, అంటే దేనిమీదా ఆధారపడని పూర్తి నకలు, తీసుకో. శుభ్రం చేయడమంతా ఆ క్లోన్‌లోనే. అసలు మెషీన్‌ జోలికి పోకు.

ఎక్కువమంది మరిచిపోయేది ఈటీసీ ఫోల్డరులోని మెషీన్‌-ఐడీ ఫైలు. ఉబుంటు సర్వర్‌ డీహెచ్‌సీపీని (నెట్‌వర్కులో ఐపీ అడ్రసులు పంచే సేవ) ఐపీ అడిగేటప్పుడు మామూలుగా నెట్‌వర్క్‌ కార్డుకుండే మ్యాక్‌ అడ్రసుకు బదులు ఈ ఐడీ నుంచి తయారైన గుర్తింపునే పంపుతుంది. అందుకే మ్యాక్‌లు వేరైనా రెండు క్లోన్లకు ఒకే ఐపీ వస్తుంది. కారణం తెలియనివాళ్లు రౌటరును అనుమానిస్తూ పూటంతా పోగొట్టుకుంటారు. ఫైలును తొలగించకు, లోపలిది మాత్రం ఖాళీ చెయ్యి. తర్వాతి బూటులో సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌) కొత్త ఐడీ రాసుకుంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌ (దూరం నుంచి లాగిన్‌ అయ్యే పద్ధతి) హోస్ట్‌ కీలను, అంటే లాగిన్‌ అయ్యేవాళ్లకు మెషీన్‌ తానెవరో రుజువు చేసుకునే రహస్య ఫైళ్లను, మాత్రం పూర్తిగా తీసెయ్యాలి. మీ ల్యాబులో విద్యార్థులకు సుడో (అడ్మిన్‌ అధికారం) ఉంటుంది కదా, అన్నిటిలో ఒకే కీ ఉంటే ఒకడు దాన్ని కాపీ చేసుకుని పక్కవాడి మెషీన్‌గా నటించగలడు. క్లౌడ్‌-ఇనిట్‌ (కొత్త మెషీన్‌ను మొదటిసారి సిద్ధంచేసే ప్రోగ్రామ్‌) ఉంటే మొదటి బూటులో కొత్త కీలు అదే పుట్టిస్తుంది, దాని పాత రికార్డు కూడా తుడిచెయ్యి. అది లేకపోతే కీలు వాటంతట అవి రావు, ఎస్‌ఎస్‌హెచ్‌ సర్వీసు లేవదు. లాగులు, బాష్‌ హిస్టరీ (టైప్‌ చేసిన ఆదేశాల జాబితా) కూడా తుడువు. హిస్టరీలో పాస్‌వర్డులు దొరకడం కొత్తేమీ కాదు.

తుడిచిన వెంటనే షట్‌డౌన్‌ చేసి టెంప్లేట్‌గా మార్చు. మధ్యలో ఒక్కసారి ఆన్‌ చేసినా కొత్త ఐడీ పుట్టేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది.

విండోస్‌ మెషీన్‌ అయితే దానితోపాటు వచ్చే సిస్‌ప్రెప్‌ అనే పనిముట్టులో జనరలైజ్‌ ఎంచుకుంటే చాలావరకు అదే చూసుకుంటుంది.

ల్యాబుకు లింక్డ్‌ క్లోన్లు చాలు, క్షణాల్లో వస్తాయి, చోటూ తక్కువే. అవి టెంప్లేట్‌ డిస్కు మీదే ఆధారపడి బతుకుతాయి, అది పోతే అవీ పోతాయి కనుక ఆన్‌లైన్‌ పరీక్షల సర్వర్‌కు మాత్రం ఫుల్‌ క్లోనే తీసుకో.

ముందు రెండు క్లోన్లు ఒకేసారి ఆన్‌ చేసి ఐపీ, మెషీన్‌-ఐడీ, హోస్ట్‌ కీ ఫింగర్‌ప్రింట్‌ (కీని గుర్తుపట్టే పొట్టి కోడ్‌) పోల్చిచూడు. మూడూ వేర్వేరుగా ఉంటేనే మిగతావి తియ్యి. ఏ ఒక్కటి కలిసినా అప్పుడే నాకు ఫోన్‌ చెయ్యి.

మీ మామయ్య