లాయర్ లేకుండా మ్యూచువల్ డివోర్స్: చివరి కాగితాలు మనమే రాసుకోవచ్చా?

ఫస్ట్ మోషన్ (పిటిషన్ వేసి ఇద్దరూ తొలిసారి కోర్టు ముందుకెళ్లడం) అయిపోయింది, ఇద్దరి మధ్యా గొడవల్లేవు, మిగతా కాగితాలు మేమే తయారు చేసుకుంటే కోర్టు తీసుకుంటుందా అన్నది కదా మీ ప్రశ్న. తీసుకుంటుంది. మేమిద్దరం అలాగే చేశాం. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 13 ప్రకారం అక్కడ లాయర్‌ని పెట్టుకోవడమే హక్కు కాదు. ఫైలింగ్ సెక్షన్‌లో "అడ్వకేట్ ఏరమ్మా?" అని అడుగుతారు. "పార్టీ ఇన్ పర్సన్ అండీ" (లాయర్ లేకుండా మా కేసు మేమే చూసుకుంటాం) అంటే సరిపోతుంది.

ఇద్దరి సమ్మతితో విడాకులకి సంబంధించిన హిందూ వివాహ చట్టం 13బి కింద, సెకండ్ మోషన్‌కి (ఇద్దరూ రెండోసారి కోర్టు ముందుకెళ్లడానికి) ఆగాల్సిన ఆరు నెలల లెక్క పిటిషన్ వేసిన రోజు నుంచి మొదలవుతుంది. 18 నెలలు దాటనివ్వకండి. ఫస్ట్ మోషన్‌కి ముందే ఏడాదిన్నరగా విడిగా ఉంటే, 2017లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు చూపించి ఈ ఆరు నెలల గడువు మాఫీ చేయమని అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జిగారి ఇష్టం.

ఇప్పుడు రాయాల్సింది ముఖ్యంగా ఇద్దరి చీఫ్ అఫిడవిట్లు. పిటిషన్‌లో ఉన్న విషయాలే మళ్లీ ప్రమాణం చేసి చెప్పడం. పెళ్లి తేదీ, స్థలం, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, సమ్మతి స్వచ్ఛందమే అన్నది. తేదీలు పిటిషన్‌తో అచ్చంగా కలవాలి. పేర్ల దగ్గరే మనవాళ్లకు తంటా. శుభలేఖలో ముద్దుపేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. ఆధార్‌లో ఉన్నట్టే రాసి పక్కన "అలియాస్" అని రెండోది చేర్చండి, లేకపోతే అభ్యంతరం రాసి కాగితాలు వెనక్కిస్తారు. పెళ్లి ఫొటో కూడా ఇద్దరి ముఖాలూ కనిపించేది కావాలి. జీలకర్ర బెల్లం ఫొటోలో తలలు వంచుకుని ఉన్నారని మాది పక్కన పెట్టారు. ఆల్బమ్ జిగురులోంచి చిరగకుండా ఇంకొకటి ఊడదీయడానికి ఆయనా నేనూ కలిసి కూర్చున్నాం, ఏం చేస్తాం!

అసలు బుర్ర పెట్టాల్సింది సెటిల్‌మెంట్ కాగితం మీద. "అన్నీ మాట్లాడుకున్నాం" అన్న వాక్యం రేపు తేడా వస్తే ఎందుకూ పనికిరాదు. డబ్బు ఎంత, డీడీనా ట్రాన్స్‌ఫరా, ఏ రోజుకి అన్నది రాయండి. నా సలహా అయితే చివరి విడత డీడీ జడ్జిగారి ముందే చేతులు మారాలి. బంగారం ఏ నగ ఎన్ని గ్రాములో రాసి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఉమ్మడి హోమ్ లోన్ ఉంటే, మీ ఇద్దరి ఒప్పందం బ్యాంకుని కట్టిపడేయదు. లోన్‌లోంచి ఒకరి పేరు తీయించడం బ్యాంకుతో విడిగా తేల్చుకోవాలి. పిల్లలుంటే ఎవరి దగ్గర ఉంటారు, రెండోవాళ్లు ఏ వారాల్లో చూడొచ్చు, సంక్రాంతి సెలవులు ఎక్కడ, పాస్‌పోర్ట్‌కి సంతకం ఎవరు పెట్టాలి, అన్నీ రాయాలి. "పిల్లల భరణం నాకక్కర్లేదు" అని తల్లి రాసిచ్చినా పిల్లల హక్కు పోదు. ఆ వాక్యం పెట్టమంటే పెట్టకండి.

విచారణ రోజు మాకు కొద్ది నిమిషాల్లో అయిపోయింది. బలవంతం ఏమైనా ఉందా, డబ్బు ముట్టిందా, ఇంకోసారి ఆలోచించుకుంటారా అని తెలుగులోనే అడిగారు. డిక్రీ (విడాకుల తుది ఉత్తర్వు) వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అందుకే మొత్తం డబ్బు, నగలు ముందే ఇచ్చేయడం తెలివైన పని కాదు.

సెటిల్‌మెంట్ షరతులు డిక్రీలో భాగంగా నమోదు చేయమని కూడా అడగండి. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టేటప్పుడు జడ్జిమెంట్, డిక్రీ రెండూ అడగండి, రెండు మూడు కాపీలు తీసుకోండి. చేతికి రాగానే పేర్లు, పెళ్లి తేదీ చదివి చూడండి. టైపింగ్ తప్పుంటే అదే కోర్టులో సవరణకి పెట్టుకోవచ్చు.

భర్త, అత్తింటివాళ్ల వేధింపుల కేసో (పాత ఐపీసీ 498ఎ, 2024 జూలై నుంచి బీఎన్‌ఎస్ 85), గృహహింస కేసో నడుస్తుంటే మాత్రం సొంతంగా వద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. కేసుల్లేకపోయినా సెటిల్‌మెంట్ డ్రాఫ్ట్ ఒక్కసారి అక్కడ చూపించుకోండి.

డిక్రీ వచ్చిన వారంలోనే పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాల్లో నామినీ మార్చుకోండి. విడాకులు వచ్చాయని అవి వాటంతట అవే మారిపోతాయని అనుకోకండి.