టైప్ 1 షుగర్ ఉన్న పాపకి సీలియాక్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, ఇప్పుడే చపాతీ ఆపేయొచ్చా?

మీ ప్రశ్న చదివితే మూడేళ్ళ క్రితం మా ఇల్లే గుర్తొచ్చిందండీ. పాపకి 11 ఏళ్ళు, టైప్ 1 వచ్చి రెండేళ్ళు, రొటీన్ బ్లడ్ టెస్టుల్లో టీటీజీ (సీలియాక్‌ని పసిగట్టే యాంటీబాడీ) ఎక్కువొచ్చింది, కడుపునొప్పి లేదు, విరేచనాల్లేవు, డాక్టర్ ఎండోస్కోపీ అంటున్నారు, ఇంట్లో వాళ్ళేమో పసిపిల్లకి గొట్టం వేయించడం ఎందుకు, చపాతీ మానేస్తే పోలా అంటున్నారు, ఇంతే కదా. టెస్టులన్నీ అయ్యేదాకా మాత్రం చపాతీ ఆపకండి.

మేం ఆపేసి దెబ్బతిన్నాం. మావాడికి ఏడో ఏట టైప్ 1, పదో ఏట ఈ టీటీజీ. రాత్రి రిపోర్ట్ చూశా, నెట్‌లో చదివా, పొద్దున్నుంచి ఇంట్లో గోధుమ బంద్. నెలన్నరకి పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికితే ఆవిడ మొదట అడిగిందే గోధుమ తింటున్నాడా అని, లేదండీ అన్నా గొప్పగా, అయితే రెండు నెలలు రోజూ తినిపించి అప్పుడు తీసుకురండి అంది! సీలియాక్ అనే ఈ జబ్బులో గ్లూటెన్, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే ప్రోటీన్, పడక చిన్నపేగు లోపల సన్నటి నూగులా ఉండేది అరిగిపోతుంది, గోధుమ మానేస్తే అది మళ్ళీ మొలవడం మొదలెడుతుంది, రక్తంలో యాంటీబాడీలూ తగ్గుతాయి, ఇంక అప్పుడు ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి బయాప్సీ చేసి ఏం లాభం. పైగా టైప్ 1 పిల్లల్లో టీటీజీ కాస్త పెరిగి, గోధుమ తింటుండగానే దానంతటదే తగ్గిపోవడం కూడా ఉంది. జన్మంతా పాటించాల్సిన పథ్యం, ఒక్క నంబర్ చూసి మొదలెట్టేది కాదు. టోటల్ ఐజీఏ (టీటీజీ టెస్ట్ లెక్కపెట్టే రకం యాంటీబాడీలు ఒంట్లో మొత్తం ఎన్నున్నాయో చూసేది) చేశారో లేదో కూడా చూడండి, అది తక్కువున్న పిల్లల్లో టీటీజీ ఐజీఏ నార్మల్ అని వచ్చినా నమ్మడానికి లేదు, మీకెలాగూ ఎక్కువొచ్చింది కాబట్టి పర్లేదు గానీ రేపు తమ్ముడికో చెల్లికో చేయిస్తే పనికొస్తుంది. వాళ్ళకీ చేయించమంటారు.

లక్షణాల్లేవు అన్నారు, మేమూ అదే అనుకున్నాం. అన్నం తిన్న అరగంటకే షుగర్ 60కి పడిపోయేది, రెండు గంటలాగి చూస్తే 250. తిండిలో పిండిపదార్థం చూసి ఇన్సులిన్ వేసే కార్బ్ లెక్క తప్పుతున్నానేమోనని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అసలు సంగతేంటంటే ఇన్సులిన్ టైముకి పనిచేస్తోంది, పేగు బాగోక తిన్నది టైముకి ఒంటికి పట్టట్లేదు. హిమోగ్లోబిన్ 9 దాటేది కాదు ఎన్ని ఐరన్ సిరప్‌లు పోసినా. స్కూల్ ప్రేయర్ లైన్లో వెనకెక్కడో నిలబడేవాడు ఏటేటా ముందుకి వచ్చేస్తున్నాడు, మాకది తట్టనే లేదు.

ఇంకోటి చెప్పాలి, నవ్వొస్తుంది ఏడుపూ వస్తుంది. మనిళ్ళల్లో షుగర్ అనగానే అన్నం తీసేసి పుల్కా పెట్టేస్తాం కదా. మావాడు పుట్టిందగ్గర్నుంచి అన్నం మనిషి, టైప్ 1 వచ్చాకే మా అత్తయ్య గారు ప్రేమకొద్దీ రెండు పూటలా చపాతీ మొదలెట్టారు, షుగర్ పడిపోయి లో అయితే ఇవ్వడానికి స్కూల్ బ్యాగులో మేరీ బిస్కెట్లు. చపాతీ అయినా అన్నమైనా టైప్ 1కి లెక్కపెట్టి ఇన్సులిన్ వేయాల్సిందే, అందులో చపాతీ మందేం కాదు. అలా అని ఆవిడ చపాతీల వల్ల జబ్బొచ్చిందనీ కాదండోయ్, రెండు జబ్బులకీ దారిచ్చే జీన్స్ కొన్ని ఒకటే, అందుకే టైప్ 1 పిల్లల్లో ఇంచుమించు నూటికి అయిదుగురికి ఇది కనిపిస్తుందంటారు. పంజాబ్, హర్యానా వైపు ఎక్కువ, మన వైపు తక్కువ, కాబట్టి చుట్టాలు ఇదెక్కడి జబ్బు అనడం ఖాయం.

బయాప్సీలో తేలితే మన వంటిల్లు నిజానికి చాలా సాయం. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంకటి, బియ్యపు రవ్వతో ఉప్పిండి, ఏదీ మానక్కర్లేదు. చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా అందరికీ తెలిసినవే, మమ్మల్ని ముంచినవి తెలియనివి. డబ్బా ఇంగువలో గోధుమపిండో మైదానో కలుపుతారు, వెనక చదవండి. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ. పిండిమరలో ముందు గోధుమలు ఆడి తర్వాత మన బియ్యం పోస్తే అయిపోయినట్టే, ఆరు నెలలైనా టీటీజీ దిగకపోతే దొరికిన దొంగ అదే, ఇప్పుడు ఇంట్లో మిక్సీలోనే కొట్టుకుంటున్నా. అన్నవరం ప్రసాదం గోధుమ నూకది, మావాడికి అదంటే ప్రాణం, ఇప్పుడు కళ్ళకద్దుకుని నాకిచ్చేస్తాడు. గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న బిస్కెట్లు చాలావాటిలో బియ్యప్పిండి, స్టార్చే, షుగర్ రయ్యిన లేస్తుంది, పైగా ధర. లో అయితే గ్లూకోజ్ పౌడర్, తర్వాత అరటిపండో పల్లీ చిక్కీయో.

పేగు బాగయ్యేకొద్దీ వేయాల్సిన ఇన్సులిన్ పెరుగుతుంది, కంగారు పడకండి. మావాడికి నాలుగు నెలల్లో రోజుకి 22 యూనిట్ల నుంచి 29 అయ్యింది, షుగర్ ముదిరిందని మా ఆయన బెంగపెట్టుకున్నారు, తిండి ఒంటికి పడుతోందండీ అంది డాక్టర్. ఆ ఏడు పొడుగూ సాగాడు.

ఎండోస్కోపీకి మాత్రం పొద్దున్నే మొదటి స్లాట్ అడగండి, ఖాళీ కడుపుతో ఉంచాలి కదా. ముందు రాత్రి బేసల్ (రోజంతా నిదానంగా పనిచేసే ఇన్సులిన్) ఎంత వేయాలో, మధ్యలో లో అయితే ఏం ఇవ్వొచ్చో మీ షుగర్ డాక్టర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి, ఎండోస్కోపీ చేసేవాళ్ళు అది పట్టించుకోరు, మమ్మల్నయితే పదకొండింటిదాకా కూర్చోబెట్టారు.