ఆఖరి పేజీలో దాక్కున్న వాక్యం

చిరంజీవి తమ్ముడికి,

ఉపాధి శిక్షణ పథకం ఎంతవరకు పనిచేసిందో చూసిన మదింపు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎంత ఖర్చయింది, ఎన్ని కేంద్రాలు తెరిచారు, అన్నీ చెప్పావు. శిక్షణ తీసుకున్నవాళ్లకి పని దొరికిందా అన్న సంగతి మాత్రం ఆఖరి పేజీలో ఉంది, అదీ 'మెరుగుదలకు ఇంకా అవకాశం ఉంది' అనే ముసుగులో.

ఆ వాక్యం నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ల కిందట నేనూ అదే రాశాను. ఒక శాఖ చేయించిన మదింపులో ఫలితమేమీ కనబడలేదు. ఆ ముక్క తీసేయమని ఎవరూ అనలేదు, 'కాస్త సర్దండి' అన్నారంతే. సర్దాను. ఆ పథకం ఇంకో మూడేళ్లు అలాగే నడిచింది.

డబ్బు సరిగ్గా ఖర్చయిందా లేదా అన్నది ఆడిట్ చూసుకుంటుంది. మదింపు అడిగేది వేరు: ఈ పథకం లేకపోయినా ఆ మార్పు వచ్చేదేనా? లబ్ధిదారుల్ని 'మేలు జరిగిందా' అని అడిగినంత మాత్రాన దీనికి జవాబు దొరకదు. అమెరికాలో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే పక్కపక్క పట్టణాల్లో 1939లో ఒక ప్రయోగం మొదలైంది. దారి తప్పుతారేమోనన్న అబ్బాయిల్లో కొందరికి ఏళ్ల తరబడి సలహాదారుల సాయం అందించారు, అలాంటివాళ్లే ఇంకొందరికి అందించలేదు. మొత్తం 506 మంది. ముప్పై ఏళ్లు దాటాక జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లని వెతికి పట్టుకుంది. సాయం పొంది, ఆమెకు జవాబిచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మంది తమకు మేలే జరిగిందన్నారు. రికార్డులు తీసి చూస్తే తాగుడు, తీవ్రమైన మానసిక జబ్బు లాంటి కొన్ని విషయాల్లో సాయం అందనివాళ్ల కంటే సాయం పొందినవాళ్ల పరిస్థితే అధ్వాన్నంగా ఉంది. 1978లో ఆమె ఆ మాట దాచకుండా ప్రచురించింది. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా చెరుపు చేయగలదని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

ఇంకో కథ ఉంది, దీని ముగింపు వేరు. మెక్సికో 1997లో 'ప్రోగ్రెసా' మొదలుపెట్టింది. పిల్లల్ని బడికి పంపి, ఆరోగ్య పరీక్షలు చేయిస్తే పేద తల్లుల చేతికి నగదు ఇచ్చేవారు. అందరికీ ఒకేసారి ఇవ్వలేరు కాబట్టి 506 గ్రామాలు తీసుకుని (మళ్లీ అదే అంకె, యాదృచ్ఛికమే), లాటరీ పద్ధతిలో 320 ఊళ్లలో ముందు, 186 ఊళ్లలో తర్వాత అమలు చేశారు. ఆ రెండు రకాల ఊళ్లనీ పోల్చి చూస్తే పథకం వల్ల వచ్చిన తేడా ఎంతో తేలింది. 2000లో, 71 ఏళ్లు ఏలిన పార్టీ ఓడిపోయింది. పాతవాళ్ల పథకమని కొత్త ప్రభుత్వం దీన్ని చెత్తబుట్టలో వేయలేదు. పేరు మార్చి పట్టణాలకూ విస్తరించింది. బయటివాళ్లు చేసిన మదింపు అందరి ముందూ ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. ప్రజాస్వామ్యానికి మదింపు అవసరం నాకు ఇక్కడే బాగా అర్థమైంది. గెలిచినవాళ్లకి అది నచ్చినా నచ్చకపోయినా, వాదించుకోవడానికి అందరికీ ఒకే లెక్క దొరుకుతుంది. అయితే ఆ లెక్క చూసేవాళ్లకీ రక్షణ ఉండాలి. అదే మెక్సికో 2004 నాటి చట్టంతో ఏర్పరచుకున్న మదింపు సంస్థను 2025లో మూసేసి, ఆ పనిని గణాంక సంస్థకు అప్పగించింది.

ఇక నీ వ్యాసం. ఆ మదింపు ఎవరు చేయించారు, డబ్బు ఎవరిచ్చారు అన్నది ముందే రాయి. ఎవరిని అడిగారో చెప్పావు, మధ్యలో మానేసినవాళ్లని అడిగారా? వాళ్ల దగ్గరే సగం నిజం ఉంటుంది. శిక్షణ అయిన ఆరు నెలలకే కొలిచి ఉంటే, 'ఫలితం లేదు' అనకు, 'ఇంకా తెలియదు' అను. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, కోపంలో మనం అది మరిచిపోతాం.

ఆ ఆఖరి పేజీ వాక్యాన్ని ముసుగు తీసి మొదటి పేరాలో పెట్టి మళ్లీ పంపు. ఎవరైనా సర్దమంటే, ఏ మాట సర్దమన్నారో అది కూడా నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య