గుండీల చొక్కా వద్దంటున్నాడు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా తోడికోడలు వాళ్లదీ ఇదే ఊరు. వాళ్ల బాబుకి ఏడేళ్లు, మావాడికి ఆరు. కిందటివారం వాళ్లింట్లో 'కోరలైన్' సినిమా పెట్టారు. వాళ్లబ్బాయి నవ్వుతూ చూశాడు. మావాడు లేచి వెళ్లిపోతానని ఏడుస్తుంటే, అందరిముందూ బాగోదని పట్టి కూర్చోబెట్టాను. అప్పట్నుంచీ రాత్రిళ్లు నిద్రపోడు, గుండీలున్న చొక్కా వేసుకోడు. దెయ్యాల వేషాల పండగ హాలోవీన్‌కి మళ్లీ అక్కావాళ్లింట్లోనే సినిమాలు. ఈలోగా వీడి భయం పోవాలంటే ఏయే సినిమాలు వరసగా అలవాటు చేయాలి?

జవాబు: ఆ వరస నేను చెప్పను. ఆరేళ్లవాడికి దెయ్యాల సినిమాల్లో కోచింగ్ ఏమిటమ్మా!

మీ ఉత్తరం రెండు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో మీవాడి గురించి ఉన్నది ఆరేడు వాక్యాలే. మిగతాదంతా అక్క కొత్త ఇల్లు, అక్క కొడుక్కి వచ్చిన స్విమ్మింగ్ మెడల్, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు 'పెద్దాడి కొడుకు ధైర్యవంతుడు' అనడం. మీవారు ఆ రాత్రి ఎక్కడున్నారో మాత్రం రాయలేదు.

2009లో వచ్చిన ఆ సినిమాకి అమెరికాలో ఇచ్చింది పి.జి. రేటింగ్. అంటే చూపించే ముందు అమ్మానాన్నలు ఆలోచించుకోమని. అందులో ఉన్నది మామూలు దెయ్యం కాదు. గోడలో చిన్న తలుపు, దానవతల అచ్చం అమ్మలాగే ఇంకో అమ్మ. రుచిగా వండిపెడుతుంది, ముద్దు చేస్తుంది. కళ్లున్నచోట మాత్రం నల్ల గుండీలు. నీ కళ్లకీ కుట్టించుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చంటుంది. అమ్మ అమ్మ కాకుండా పోయే కథ అది. అది చూసి హడలిపోయి మీవైపు తిరిగితే, మీరేమో పక్కవాళ్ల మొహాలు చూస్తూ వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మీకు కోపం రావచ్చు, కానీ వాడి నిద్ర పోగొట్టింది సగం సినిమా, సగం మీరు.

తోడికోడళ్ల మధ్య పోటీ కొత్తేం కాదు. చీరలతో పడండి, వంటలతో పడండి, ఎవరొద్దన్నారు? పిల్లల్ని పందెంకోళ్లు చేస్తే మాత్రం నేనూరుకోను.

కొన్నాళ్లు గుండీల్లేని టీషర్టులే వేయండి, దాని మీద చర్చ వద్దు. వాడే అడిగిన రోజున, అది బొమ్మల్ని కొంచెం కొంచెంగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసి చేసిన సినిమా అని చెప్పండి. వాడి బొమ్మకారుతో మీ ఫోన్‌లోనే చేసి చూపించవచ్చు. అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, పోయేదేం లేదు. ఎండుమిరపకాయలు మాత్రం పెరట్లో కాల్చమనండి, లేకపోతే స్మోక్ అలారం మోగి అందరికీ నిద్ర ఉండదు.

ఏదో ఒకటి చూడాలని వాడికే ఉంటే, 1966లో మొదటిసారి టీవీలో వచ్చిన 'చార్లీ బ్రౌన్' కార్టూన్ గుమ్మడికాయ కథ ఉంది. అరగంట కూడా ఉండదు. అందులో లైనస్ అనే పిల్లాడు, మహా గుమ్మడి వచ్చి బొమ్మలిస్తుందని నమ్మి, రాత్రంతా గుమ్మడి తోటలో కాచుక్కూర్చుంటాడు. అందరూ నవ్వుతారు. అది రానే రాదు. తెల్లవారుజామున నాలుగింటికి, రోజంతా వాణ్ణి కసురుకునే అక్కే లేచి వెళ్లి, చలికి వణుకుతున్నవాణ్ణి ఇంటికి నడిపించుకొచ్చి, బూట్లు విప్పి పడుకోబెడుతుంది. మీరూ పక్కనే కూర్చుని చూడండి, ఫోన్ వేరే గదిలో పెట్టి.

ఇక హాలోవీన్ సంగతి. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. "మావాడు భయపడుతున్నాడక్కా, చాక్లెట్లకి వస్తాం, సినిమా మొదలయ్యేలోపు వచ్చేస్తాం" అనండి. ఆవిడ నవ్వితే నవ్వనివ్వండి. ఆ మాట మీవాడు వినేలా, హాల్లో కూర్చునే మాట్లాడండి.